తెరవకుండానే డబ్బాలో ఏముందో చెప్పడం

భిలాయి ఉక్కు నగరంలో ఇంటి చిరునామా అంటే సెక్టరు, వీధి, క్వార్టరు నంబరు. సెక్టర్ 2లో ఉండే కొన్ని తెలుగు కుటుంబాలవారు వినాయక చవితి చందాల లెక్క కోసం ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నారని అనుకుందాం. భాష పీహెచ్‌పీ. ప్రతి క్వార్టరు నంబరు ఎదుట ఆ ఇంటివారు ఇచ్చిన మొత్తం ఉంటుంది. వీధికి ఒక పక్క వసూలు చేసినవారి జాబితా ఒకటి, రెండో పక్కవారిది ఇంకొకటి. సాయంత్రం రెండు జాబితాలనూ ‘అరే మెర్జ్’ అనే ఆదేశంతో కలిపేశారు. మొత్తం సొమ్ము పైసాతో సహా సరిపోయింది. తీరా రసీదులు రాయబోతే 3ఏ, 7బీ క్వార్టర్లు ఉన్నాయి గానీ 12, 14 లేవు. వాటికి బదులు 0, 1 అనే ఇళ్లు కనిపిస్తున్నాయి!

నంబర్లు ఎక్కించినవారి పొరపాటు ఇందులో లేదు. పీహెచ్‌పీ జాబితాలో ఒక్కో విలువను గుర్తించే పేరును ‘కీ’ అంటారు. ఆ కీ 12 లాగా వట్టి అంకెలతో ఉంటే, దాన్ని మనం పాఠ్యంగా ఇచ్చినా సరే, భాష పూర్ణాంకంగా మార్చేసుకుంటుంది. 3ఏ మాత్రం పాఠ్యంగానే మిగులుతుంది. అరే మెర్జ్ పాఠ్యపు కీలను అలాగే ఉంచి, పూర్ణాంకపు కీలకు సున్నా నుంచి కొత్తగా నంబర్లు వేస్తుంది. ప్రోగ్రాము ఆగదు, హెచ్చరికా రాదు. పన్నెండో క్వార్టరువారి 116 రూపాయలు ఎవరివో తెలియని సొమ్ము అయిపోతాయి.

ఇలాంటి లోపాలను ప్రోగ్రాము నడపకుండానే, దాని పాఠాన్ని చదివి పట్టుకునే పద్ధతిని స్టాటిక్ అనాలిసిస్ అంటారు. తెలుగులో స్థిర విశ్లేషణ అనుకోవచ్చు. 1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం రాసిన ‘లింట్’ ఈ కోవలో తొలినాటి పేరున్న సాధనం. ఇలాంటి సాధనాలు చేసే పనుల్లో ముఖ్యమైనది, ప్రతి విలువా ఏ రకానిదో తేల్చడం. పూర్ణాంకమా, పాఠ్యమా, తేదీయా?

విడి విలువల విషయంలో ఇది తేలికే. చిక్కు డబ్బాలతో వస్తుంది. మన వంటింట్లో హార్లిక్స్ సీసాలో హార్లిక్స్ ఉండటం అరుదు, ఆవపిండో ఇంగువో ఉంటుంది. ప్రోగ్రాములో ‘జాబితా’ కూడా అలాంటి సీసాయే. అది జాబితా అని తెలిస్తే చాలదు, దేని జాబితా అన్నది తెలియాలి. ‘ఏదో ఒక టీ రకం విలువల జాబితా’ అని ఖాళీ వదిలి, వాడేచోట ఆ టీ స్థానాన్ని నింపుకునే ఏర్పాటును జెనరిక్ టైప్ అంటారు. ఆ ఖాళీలో ఏముందో ప్రోగ్రామరు చెప్పకపోయినా సాధనమే కనిపెట్టడం టైప్ ఇన్ఫరెన్స్.

కనిపెట్టే తీరు బీజగణితంలో తెలియని ఎక్స్ విలువ కట్టడం లాంటిది. జాబితాలోని ప్రతిదాన్నీ మార్చి కొత్త జాబితా ఇచ్చే ‘మ్యాప్’ అనే ప్రమేయాన్ని తీసుకోండి. దానికి కావలసినవి రెండు: ఏ రకం విలువల జాబితా, ఏ నుంచి బీకి మార్చే సూత్రం. వచ్చేది బీ రకం జాబితా. మనం చందాల జాబితా ఇచ్చాం, కాబట్టి ఏ అంటే పూర్ణాంకం. మొత్తాన్ని రసీదు వాక్యంగా మార్చే సూత్రం ఇచ్చాం, కాబట్టి బీ అంటే పాఠ్యం. చివరికి చేతికొచ్చేది పాఠ్యాల జాబితా. ఇలా రెండు వైపులా ఉన్న రూపాలను పక్కపక్కన పెట్టి, తెలియనివాటిని తెలిసినవాటితో సరిపెట్టే ప్రక్రియకు యూనిఫికేషన్ అని పేరు. 1965లో జాన్ అలన్ రాబిన్సన్ దాన్ని తర్కశాస్త్రంలో స్వయంచాలక నిరూపణల కోసం రూపొందించాడు. 1969లో రోజర్ హిండ్లీ, ఆయన పనితో సంబంధం లేకుండా 1978లో రాబిన్ మిల్నర్ రకాలను రాబట్టడానికి ఈ మార్గం చూపారు. ప్రోగ్రామరు ఒక్క రకం పేరు కూడా రాయకుండానే, అన్నింటిలోకీ విశాలమైన సరైన రకాన్ని వాళ్ల పద్ధతి ఇవ్వగలదు. నా దృష్టిలో కంప్యూటర్ శాస్త్రంలో ఇంత పొందికైన ఫలితాలు కొన్నే ఉన్నాయి.

అయితే నిత్యం వాడే భాషలు అంత పొందికగా ఉండవు. జాబితాలో మొదట 116 వేశాం. ఇది దేని జాబితా? ‘116 మాత్రమే ఉండే జాబితా’ అనవచ్చు. ధన పూర్ణాంకాలది అనవచ్చు, పూర్ణాంకాలది అనవచ్చు, ఏవైనా పట్టే జాబితా అని కూడా అనవచ్చు. నాలుగూ నిజమే. మరీ ఇరుకుగా తేలిస్తే, రేపు 516 వేయగానే సాధనం తప్పు లేనిచోట తప్పంటుంది. నాలుగు రోజులు అలా గోల పెడితే దాన్ని ఎవరూ పట్టించుకోరు. మరీ విశాలంగా తేలిస్తే అసలు తప్పు జరిగినప్పుడూ నోరెత్తదు. ఎంత విశాలంగా అన్నది గణితం ఒక్కటే తేల్చదు, సాధనం రాసినవారు ఎంచుకోవాలి.

పోనీ, ఇరుకైన దాన్ని అవసరమైనప్పుడు విశాలమైనదిగా చూస్తే సరిపోదా? దోసకాయల బుట్టను కూరగాయల బుట్ట అనుకోవడంలో తప్పేముంది? లోపలివి తీసుకునేంతవరకూ ఏమీ లేదు. కానీ కూరగాయల బుట్టే కదా అని ఎవరో అందులో బంగాళాదుంప వేస్తారు. దోసకాయ పప్పు చేయబోయిన ఇల్లాలి చేతికి అదే తగులుతుంది. జావా భాష తన అరేల విషయంలో ఈ చూపును మొదటినుంచీ అనుమతించింది. అందుకే వేరే రకం విలువ వేయబోతే ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు లోపం ఎత్తి చూపవలసి వస్తోంది. 2004లో జావాకు జెనరిక్స్ వచ్చినప్పుడు ఆ తలుపు మూశారు.

అన్నిటికంటే కష్టం ఖాళీ జాబితా. సాక్ష్యమే లేదు. పైథాన్ కోసం రాసిన మైపై సాధనం తర్వాతి వరుసల్లో అందులో ఏం వేస్తారో చూసి తేల్చుకుంటుంది. అక్కడా ఆధారం దొరక్కపోతే, రకం మీరే రాయమని అడుగుతుంది. ఇది సోమరితనం కాదు. ప్రోగ్రాముల ప్రవర్తన గురించిన ఏ ఆసక్తికరమైన ప్రశ్నకైనా అన్ని సందర్భాల్లోనూ సరైన జవాబిచ్చే పద్ధతి ఉండదని 1953లోనే హెన్రీ గోర్డన్ రైస్ నిరూపించాడు.

ఇక మన చందాల ప్రోగ్రాము సంగతి. పీహెచ్‌పీ భాషలో జెనరిక్స్ లేవు. ఆ లోటును విశ్లేషణ సాధనాలు కోడు పక్కన రాసే వ్యాఖ్యల ద్వారా తీర్చాయి. చెక్ దేశానికి చెందిన ఓండ్రేయ్ మిర్టెస్ రాసిన పీహెచ్‌పీస్టాన్‌లోకి 2019 డిసెంబరులో ఇలా జెనరిక్స్ వచ్చాయి. క్వార్టరు నంబర్లు కోడులోనే రాసి ఉంటే ఇలాంటి సాధనం 12ను పూర్ణాంకంగా, 3ఏను పాఠ్యంగా గుర్తించగలదు. రెండు జాబితాలు కలిపాక 12 మాయమైందని కూడా చెప్పగలదు. నంబర్లు ఫైలు నుంచి వస్తే మాత్రం దానికి తెలిసేది ‘ఏదో పాఠ్యం’ అని మాత్రమే. పైగా మనమే ‘కీలన్నీ పాఠ్యాలు’ అని వ్యాఖ్య రాసి ఉంటే, సాధనం మన మాట నమ్మే అవకాశం ఎక్కువ. నడిచేటప్పుడు భాష మాత్రం దాన్ని లెక్కచేయదు.

అందుకే ఇక్కడ నయం చేయాల్సింది కీ రూపాన్నే. క్వార్టరు నంబరుకు ముందు సెక్టరు నంబరు, ఒక అడ్డగీత చేర్చి 2-12, 2-3ఏ అని రాస్తే చాలు. అడ్డగీత మధ్యలో ఉన్నది పూర్ణాంకం కాదు కాబట్టి భాష దాన్ని ముట్టుకోదు. కీలన్నీ ఒకే రకం అవుతాయి, సాధనం రాబట్టిన రకమూ నిజంగా నడిచే రకమూ ఒకటే అవుతాయి. ఎన్ని జాబితాలు కలిపినా పన్నెండో క్వార్టరు రసీదు పన్నెండో క్వార్టరుకే వెళుతుంది.