మామిడి ఈగ, ఆపిల్ ఈగ: కోశస్థ దశలోని తేడా

మామిడిని ఆశించే పండు ఈగ బాక్ట్రోసెరా డార్సాలిస్, ఉత్తర అమెరికాలో ఆపిల్‌ను ఆశించే రాగోలెటిస్ పొమోనెల్లా ఒకే టెఫ్రిటిడే కుటుంబానికి చెందినవి. రెండింటిలోనూ తల్లి ఈగ పండు తొక్కలోకి గుడ్లు చొప్పిస్తుంది. పిల్ల పురుగులు గుజ్జును తిని, నేలలోకి దిగి కోశస్థ దశకు చేరుతాయి. పోలిక అంతవరకే.

శీతల మండలపు ఆపిల్ ఈగ శీతాకాలమంతా కోశంలోనే సుప్తావస్థలో గడుపుతుంది. దీర్ఘకాలం చలి సోకితే గాని ఆ అవస్థ సక్రమంగా ముగియదు. అందువల్ల సాధారణంగా ఏడాదికి ఒక్కటే తరం. కొన్ని కోశాలు మరుసటి ఏడు వరకు కూడా నేలలోనే నిలిచిపోతాయి. ఈగ వెలువడే సమయం పండు పక్వమయ్యే సమయంతో కలియకపోతే సంతతి నిలవదు. ఈ జాతి మొదట హాథార్న్ కాయలపై జీవించేది. 19వ శతాబ్ది మధ్యలో కొన్ని ఈగలు ఆపిల్‌కు మారాయి. ఆపిల్ కొన్ని వారాలు ముందుగా పక్వమవుతుంది కనుక ఆ ఈగలూ ముందుగానే వెలువడుతున్నాయి. నూతన జాతి ఆవిర్భావానికి ఇది నిదర్శనం కావచ్చునని బెంజమిన్ వాల్ష్ 1860వ దశకంలోనే సూచించాడు. పరిణామ శాస్త్రజ్ఞులకు ఈ ఈగపై నేటికీ మక్కువ తీరలేదు. సస్యరక్షణకు మాత్రం దాని కాలనియమమే ముఖ్యం.

మామిడి ఈగకు ఇట్టి సుప్తావస్థ లేదు. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుండి ఈగ వరకు సుమారు 3 వారాలు చాలు. మామిడి కోత ముగిసినా జామ, సపోటా వంటి పండ్లపై తరాలు కొనసాగుతాయి. చలికి దాని ఉద్ధృతి తగ్గుతుందే కాని, సంతతి తెగదు.

నివారణలోని భేదమంతా ఇందులోనే ఉన్నది. ఆపిల్ తోటలో జిగురు పూసిన ఎర్రని గోళం పండును పోలి ఉండి, గుడ్లు పెట్టవచ్చిన ఆడ ఈగను సైతం పట్టి ఇస్తుంది. మామిడి తోటలో వాడే మిథైల్ యూజినాల్ ఎరకు పడేవి మగ ఈగలే. బుట్ట నిండా ఈగలు కనిపించినంత మాత్రాన కాయ సురక్షితమని రైతుకు చెప్పడం పొరపాటు. అప్పటికే సంపర్కం జరిగిన ఆడ ఈగలు, పక్క జామ తోట నుండి వచ్చేవి గుడ్లు పెడుతూనే ఉంటాయి. కనుక ఎరలను కాయ పక్వానికి చాలా ముందుగా, ఇరుగుపొరుగు తోటలన్నింటా ఒకేసారి అమర్చాలి.

పండు ఈగ కారణంగా 2014లో ఐరోపా సమాఖ్య భారతీయ మామిడి దిగుమతిని నిలిపివేసింది. మరుసటి ఏడు ఆ నిషేధం తొలగింది. 48 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో 60 నిమిషాలు ఉంచే ప్రక్రియ కోసిన పండులోని గుడ్లను, పురుగులను చంపుతుంది. చెట్టు కింద రాలిన పండుకు ఆ ప్రక్రియ వర్తించదు. దానిని వెంటవెంటనే ఏరి లోతుగా పూడ్చకపోతే, అందులోని పురుగులు నేలలోకి దిగి, చివరి కోతకు ముందే ఈగలై లేస్తాయి.