ముందు బస్టాపు... తరవాతే ఇల్లు!

"ఇల్లు కుదిరింది. తూర్పు వాకిలి, ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు, అద్దె కూడా తక్కువే. అడ్వాన్సు ఇచ్చేసి వచ్చా" అన్నారు మావారు. 2011లో సంగతి. అత్తయ్య పొంగిపోయారు. చెప్పొద్దూ, నేనూ సంతోషించాను. ఇల్లు హయత్‌నగర్ దగ్గర ఓ కొత్త కాలనీలో. ఆ రోజు నేను అడగాల్సి ఉండీ అడగని ప్రశ్న ఒక్కటే. అక్కణ్నించి బస్టాపు ఎంత దూరం?

కిలోమీటరున్నర! కాలనీలోకి బస్సు రాదు. మావారికి స్కూటరుంది కాబట్టి ఆయనకి అదో దూరమే కాదు. నా ఆఫీసేమో లకడీకాపూల్‌లో. పొద్దున్నే స్టాపుదాకా నడక, కోఠీ దాకా ఒక బస్సు, అక్కడ దిగి ఇంకో బస్సు. పోనూ రానూ రోజుకి మూడు గంటల పైమాటే. పొద్దున నడక పర్వాలేదు. చీకటి పడ్డాక ఖాళీ ప్లాట్ల మధ్య, కుక్కల్ని అదిలించుకుంటూ నడవాలంటే మాత్రం గుండె పీచుపీచుమనేది. చివరికి సాయంత్రాలు ఆటోయే అలవాటైంది. "వచ్చేటప్పుడు ఖాళీగా రావాలమ్మా" అంటూ అడిగినంతా తీసుకునేవాళ్లు.

వదులుకున్న కుర్చీ

2016లో మా అకౌంట్స్ సెక్షన్ చార్జి నాకిస్తామన్నారు. నెలకి రెండున్నర వేల అలవెన్సు. కాకపోతే నెలాఖర్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండాలి. ఆ వేళప్పుడు ఇల్లు చేరేదెలా? ఒకటికి రెండు రోజులు ఆలోచించి, "నా వల్ల కాదు సార్" అని చెప్పేశాను. నాకన్నా నాలుగేళ్లు జూనియరు ఆ కుర్చీలో కూర్చుంది. ఆవిడకి పని నాకన్నా బాగా వచ్చని కాదు, ఆవిడ ఇల్లు చిక్కడపల్లిలో. అంతే తేడా.

"పోన్లేమ్మా, నీకెందుకా బరువు" అన్నారు అత్తయ్య. ఇంట్లో ఎవరికీ అది నష్టంలా కనిపించలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2018 సెప్టెంబరు 24న ఎల్.బి.నగర్ నుంచి అమీర్‌పేటకి మెట్రో మొదలైంది. మియాపూర్ దాకా కలుపుకుంటే 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. లకడీకాపూల్ ఆ దారిలోదే. "ఇంకేం, ఎల్.బి.నగర్‌లో నేను దింపుతాను, సాయంత్రం తీసుకొస్తాను" అన్నారు మావారు. మంచి మనసుతో అన్న మాటే. కానీ ఆయనకి ఒంట్లో బాగాలేని రోజు? ఊళ్లో లేని రోజు? నా ఉద్యోగం ఎప్పటికీ ఆయన స్కూటరు వెనక సీటు మీదే ఆధారపడాలా?

లెక్కలు రాసేదాన్ని కదా, కాగితం తీసుకుని కూర్చున్నాను. మలక్‌పేటలో అద్దె మా ఇంటికన్నా 4,000 ఎక్కువ. ఇక్కడ ఆటోకి 80 చొప్పున నెలకి 24 రోజులు, 1,920. చార్జి తీసుకోక వదులుకున్నది 2,500. మొత్తం 4,420. అంటే తక్కువ అద్దె ఇంట్లో ఉండి నెలనెలా 420 రూపాయలు పోగొట్టుకుంటున్నాం! దార్లో పోయే గంటలకీ, భయానికీ నేను ధర కట్టనేలేదు. మావారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. "ఈసారి ఇల్లు నువ్వే చూడు" అన్నారు.

రాత్రి ఎనిమిదికి ఇల్లు చూశాను

మలక్‌పేటే ఎందుకంటే అక్కడ బస్సులున్నాయి, మెట్రో ఉంది, ఎం.ఎం.టి.ఎస్. స్టేషనూ ఉంది. ఒకటి లేకపోతే ఇంకొకటి. పగలు చూసినప్పుడు ఓ ఇల్లు తెగ నచ్చింది. మా అమ్మాయిని వెంటబెట్టుకుని రాత్రి ఎనిమిదికి మళ్లీ వెళ్లాను. సందు మొదట్లోనే బ్రాందీ షాపు, దాని ముందు గుంపు. వెనక్కి తిరిగొచ్చేశాం. ఆఖరికి తీసుకున్నది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు, వంటిల్లు చిన్నది. అయితే స్టేషను నుంచి ఏడు నిమిషాల నడక. దారి పొడుగునా లైట్లు, మందుల షాపు, కిరాణా కొట్టు. అత్తయ్య తులసికోట లేదని నొచ్చుకున్నారు గానీ బాల్కనీలో కుండీ పెట్టాక సర్దుకున్నారు.

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె యాభై రెండు రోజులు సాగింది. నేను మెట్రోలో ఆఫీసుకి వెళ్లొచ్చాను. పాత ఇంట్లోనే ఉంటే ఎన్ని సెలవులు పెట్టాల్సి వచ్చేదో! ఆ డిసెంబరులో సెక్షన్ చార్జి మళ్లీ ఖాళీ అయింది. ఈసారి ఎవరూ పిలవకముందే వెళ్లి, "నేను చేస్తాను సార్" అన్నాను.

అద్దెకి దిగేముందు

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు అక్కర్లేదు. మంచిదే. కానీ బస్సే రాని కాలనీలో ఉంటే ఆ సౌకర్యం మనకెందుకు పనికొస్తుంది? అందుకే ఇల్లు వెతికేవాళ్లకి నాకు తెలిసిన నాలుగు మాటలు.

* "స్టాపు పక్కనే" అన్న ఓనరు మాట నమ్మొద్దు. మీరే నడిచి చూడండి, అదీ చీకటి పడ్డాక.
* ఆఖరి బస్సు ఎన్నింటికో ఇంటివాళ్లని కాదు, స్టాపులో నిలబడ్డ ఆడవాళ్లని అడగండి.
* బస్సు పేరుకి ఉంటే చాలదు. ఒకటి తప్పిపోతే రెండోది ఎంతసేపటికొస్తుందో చూడండి.
* అద్దె పక్కనే ఆటో ఖర్చు కూడా రాయండి. రెండూ కలిపితేనే అసలు అద్దె.

మొన్న మా ఆడపడుచు కూతురికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. చూసిన ఇంటి ఫొటోలు పంపి "ఎలా ఉంది అత్తా?" అని అడిగింది. హాలు, వంటిల్లు, బాల్కనీ అన్నీ ముచ్చటగా ఉన్నాయి. "బాగుందమ్మా, బస్టాపు నుంచి ఇంటిదాకా దారి ఫొటో ఏదీ?" అన్నాను.