దూదేకుల ఇంటి బిడ్డ చేతిలో తంబురా

బుర్రకథ అనగానే మన పిల్లలు "ఏదో పాతకాలం నాటకంలే" అంటారు. షేక్ నాజర్ గారి సంగతి చెబితే మాత్రం ఆగి వింటారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన దూదేకుల బిడ్డ ఆయన. ఆయన జీవిత కథ పేరు 'పింజారి'. జనం చులకనగా వాడే మాటే పుస్తకం అట్ట మీదికెక్కింది!

బుర్రకథకి ముగ్గురు చాలు. నడుమ కథకుడు, భుజాన తంబురా, వేళ్లకి అందెలు. అటొకరు, ఇటొకరు వంతలు, చేతుల్లో గుమ్మెటలు. కుడివైపాయన రాజకీయం విప్పుతాడు, ఎడమవైపాయన నవ్విస్తాడు. చెప్పేది పల్నాటి యుద్ధమే అయినా మధ్యలో కరువు, ధరలు, సర్కారు తీరు అన్నీ దూరిపోతాయి. తెల్లదొరలూ నిజామూ దీన్ని నిషేధించింది అందుకే మరి.

నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో పోయారు. నాదస్వరంలో మన ప్రకాశం జిల్లా కరవది షేక్ చినమౌలానా గారికి అంతకుముందే, 1977లో, ఆ గౌరవం దక్కింది. ఆయన శిష్యులైన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులు నేటికీ ఆ వాద్యంతోనే ఉన్నారు.

బుర్రకథకి అలా పట్టుకున్న చేతులు తక్కువ. మీ ఊళ్లో గుమ్మెట వాయించిన పెద్దాయన ఎవరైనా ఉంటే, మిర్చి కోతలు అయ్యాక పిల్లల్ని తీసుకెళ్లి ఒక పూట కూర్చోబెట్టండి. ఫోన్లో రికార్డు కూడా చేసుకోండి.