సిపాయి జీతం ఎవరి సంచిలో నుండి?

అబిస్సీనియా, అంటే నేటి ఇథియోపియా, చక్రవర్తి తెవోద్రోస్ చెరలో పెట్టిన బ్రిటిష్ కాన్సులును, మిషనరీలను విడిపించడానికి 1867లో బొంబాయి నుండి సైన్యం ఓడలెక్కింది. చెరలోనివారిని విడిపించడం మంచి పనే. మన ప్రశ్న వేరు: ఆ సిపాయిలకు జీతం ఎవరివ్వాలి?

పంపింది లండన్. 1858 చట్టం ప్రకారం, దండయాత్రను ఆపడానికో, అత్యవసరంలోనో తప్ప, సరిహద్దు బయట యుద్ధానికి భారత ఆదాయం వాడాలంటే పార్లమెంటు సమ్మతి కావాలి. పార్లమెంటు సమ్మతించింది. అదనపు ఖర్చు బ్రిటన్‌ది, మామూలు జీతాలు భారత ఖజానావి. సిపాయి ఇంటి దగ్గరున్నా జీతం ఇవ్వాల్సిందే కదా, అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. కాని అంతమందిని బయటికి పంపినా ఇక్కడ లోటు లేదంటే, వారిని ఇక్కడి రైతు పన్నుతో పోషించడం దేనికి? ఇండియాను ఉచితంగా సైన్యం దొరికే బారక్సులా చూడవద్దని ఆ సభలోనే క్రాన్‌బోర్న్ ప్రభువు అభ్యంతరం చెప్పాడు. ఆయనే సాలిస్‌బరీ ప్రభువుగా ప్రధాని పదవిలో ఉండగా, 1896లో సూడాన్‌లోని సువాకిన్‌కు వెళ్లిన మన దళాల మామూలు జీతాలు మళ్లీ మన నెత్తినే పడ్డాయి!

మన తెలుగు సంఘాలు 1878ని మరువలేవు. ధాత కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. ఆ జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మళ్లీ కరువొస్తే ఆదుకోవడానికని లిట్టన్ ప్రభుత్వం ఆ రోజుల్లోనే కొత్త పన్నులు వేసి, ఏటా 1.5 కోట్ల రూపాయలు కేటాయిస్తామంది. నవంబరులో ఆఫ్ఘన్ యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాదికే ఆ కరువు సొమ్మును యుద్ధమూ, రూపాయి విలువ పతనమూ మింగేశాయి. పన్నులు మాత్రం ఉండిపోయాయి. 2 కోట్ల పౌండ్లు దాటిన యుద్ధ ఖర్చులో బ్రిటన్ చివరికి ఇచ్చింది 50 లక్షలు. అదే 1878లో మాల్టాకు వెళ్లిన సుమారు 7,000 మంది ఖర్చును మాత్రం బ్రిటనే భరించింది. మనసుంటే ఇవ్వగలరన్నమాట.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో, భారత రక్షణకు మించిన ఖర్చు తమదేనని బ్రిటన్ ఒప్పుకుంది. అయితే ఆ సొమ్ము లండన్ ఖాతాలో బాకీగా నిలిచింది. ఇక్కడ సరుకులు కొనడానికి నోట్లు అచ్చువేశారు, ధరలు పెరిగాయి. 1943లో బెంగాల్ పేదలకు బియ్యం అందకుండా పోయినప్పుడు కూడా, లండన్ పుస్తకాల్లో మనకు రావలసిన బాకీ పెరుగుతూనే ఉంది.