గర్భిణికి దాంపత్యము హానికరమా?

గర్భము నిలిచినదని తెలిసిన నాటినుండి భార్యాభర్తలు వేరుగా పడుకోవలెనని పెద్దలు చెప్పే ఇండ్లు మనలో అనేకము. తొలి కాన్పుకు పుట్టింటికి పంపే ఆచారము ఉన్నచోట చివరి నెలలలో ఈ ప్రశ్నయే రాదు. అంతకుముందు నెలల మాటేమిటి? డాక్టరును అడగడానికి సిగ్గు, అడగకపోతే భయము. తీరా గర్భస్రావము జరిగితే నింద ముందుగా ఆ దంపతులమీదనే పడుతుంది.

ఈ భయమునకు ఆధారమున్నదా అని తెలియాలంటే శిశువు ఎక్కడ, ఎట్లా ఉన్నదో చూడాలి. గర్భాశయము దట్టమైన కండరముల సంచి. దానిలోపల పలుచని పొర, ఆ పొరలో ఉమ్మనీరు, ఆ నీటిలో తేలుతూ శిశువు. గర్భాశయ ముఖద్వారము సాధారణముగా కాన్పు సమీపించేవరకు మూసుకొనియే ఉంటుంది. చిక్కని జిగురు దానికి బిరడావలె అమరి, సూక్ష్మజీవులను పైకి పోకుండా అడ్డుకొంటుంది. సంభోగము యోనిమార్గములోనే జరుగుతుంది కనుక శిశువుకు తాకుతుందనే మాట వట్టిది.

మరి ఆ తరువాత పొత్తికడుపు గట్టిపడినట్లు కొందరికి తోచునే? అది నిజమే. ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై గర్భాశయము కొంచెము ముడుచుకొని, కొద్దిసేపటికి సర్దుకొంటుంది. వీర్యములో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థములు కూడా ఉన్నవి. 1935లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్ ఫన్ ఆయిలర్ ఇవి ప్రోస్టేట్ గ్రంథినుండి వస్తున్నవనుకొని ఆ పేరు పెట్టినాడు. అవి ముఖ్యముగా శుక్రకోశములనుండి వస్తున్నవని తరువాత తేలినది. పేరు మాత్రము పాతదే నిలిచినది. నొప్పులు తెప్పించుటకు ఆసుపత్రులలో వాడే మందులలో ఈ జాతివి ఉన్నవి గనుక అనుమానము సహజమే. అయినా ఏ చిక్కూ లేని గర్భములో సంభోగమువల్ల నెలలు నిండకుండానే కాన్పు అవుతుందని పరిశోధనలలో రుజువు కాలేదు. ఇక తొలి మూడు నెలల గర్భస్రావములలో సుమారు సగమునకు కారణము పిండములోని క్రోమోసోముల లోపము. దానికి దంపతులను నిందించుట అన్యాయము.

నిజమైన అపాయములు వేరే ఉన్నవి. మావి కిందికి దిగి ముఖద్వారమును కప్పినప్పుడు సంభోగమువల్ల తీవ్రమైన రక్తస్రావము కావచ్చును. రక్తము కనిపించినా, ఉమ్మనీరు కారినా, అకాలపు నొప్పులు వచ్చినా, ముఖద్వారము ముందుగానే తెరచుకొంటున్నదని డాక్టరు చెప్పినా సంభోగము మానవలసినదే. భర్తకు సుఖవ్యాధి ఉన్నచో తల్లిద్వారా శిశువుకూ సోకవచ్చును. జికా వైరస్ కూడా ఈ విధముగా సంక్రమిస్తుంది. ఆ జ్వరము వ్యాపించిన ప్రాంతమునుండి భర్త వచ్చినట్లయితే కాన్పు అయ్యేవరకు తొడుగు వాడడమో, దూరముగా ఉండడమో అవసరము.

తొలి నెలలలో వేవిళ్ళవల్ల, చివర బరువువల్ల కోరిక తగ్గుట మామూలే. కొందరికి నడిమి నెలలలో పెరుగుతుంది కూడా. ఏదైనా భార్య ఇష్టమే ప్రధానము. కడుపు పెరిగిన తరువాత ఆమె చాలాసేపు వెల్లకిల పడుకొన్నచో గర్భాశయపు బరువు పెద్ద సిరపై పడి కళ్ళు తిరుగవచ్చును. పక్కకు ఒత్తిగిలి ఉండుట మేలు.