చరిత్ర వ్యాసం చదివి వినిపించాలంటే

చరిత్ర వ్యాసాన్ని కథ చదివినట్టు గడగడా చదివేస్తే వినేవాళ్లకు అన్యాయం చేసినట్టే. అచ్చులో అయితే కొటేషన్ గుర్తులుంటాయి, బ్రాకెట్లుంటాయి, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆధారాలుంటాయి. ఏది శాసనంలో ఉన్న మాటో, ఏది వ్యాసకర్త ఊహో కంటికి ఇట్టే తెలిసిపోతుంది. పైకి చదివేటప్పుడు ఆ గుర్తులేవీ వినపడవు. శాసనం, ఊహ, పుక్కిటి కథ అన్నీ ఒకే గొంతులో ఒకే నిజంలా చెవిన పడతాయి. అందుకే వినేవాళ్లకు కథతో పాటు సాక్ష్యం కూడా వినపడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ నమ్మకం కలిగించింది మా అన్నయ్య. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. గ్లకోమాతో చూపు పోయింది. నేను హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేశాను. ఆయన కాకినాడలో, నేను హనుమకొండలో. పాత ‘భారతి’ సంచికల్లోని చరిత్ర వ్యాసాలు ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతుంటాను. ఆయన విని, సాయంత్రం ఫోన్ చేసి ప్రశ్నలు అడుగుతాడు.

తెలుగును ఫోనే చదివి పెడుతోంది కదా, మనిషి ఎందుకని చాలామంది అడుగుతారు. నిజమే, ఈనాటి వార్తను ఫోన్ బాగానే చదువుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో మొదలుపెట్టిన భారతి సంగతి వేరు. ఆ సంచికలను స్కాన్ చేసి పెట్టారు కానీ, స్కాన్ అంటే పేజీకి తీసిన ఫొటో. అందులోని అక్షరాలను ముందు యంత్రం గుర్తుపట్టాలి. పాత సీసపు అచ్చులో ఒత్తులు అరిగిపోయి, సిరా అలికిపోయి ఉంటే ఊళ్ల పేర్లూ రాజుల పేర్లూ తారుమారవుతాయి. చరిత్రలో పేరు మారితే మనిషే మారిపోతాడు.

ఒకసారి కాకతీయ చక్రవర్తి ప్రతాపరుద్రుడి చివరి రోజుల గురించి పంపాను. 1323లో ఓరుగల్లు పడిపోయింది. తుగ్లక్ వంశపు ఉలుగ్ ఖాన్ సేనలు చక్రవర్తిని బందీగా పట్టి ఢిల్లీకి పంపాయి. దారిలో నర్మద ఒడ్డున ఆయన కన్నుమూశాడు. ఆ సాయంత్రమే అన్నయ్య ఫోన్ చేశాడు.

“ఏమ్మా, నర్మద ఒడ్డున పోయాడన్నావు. ఆ మాట ఎవరి దస్తావేజులో ఉంది? అది ఏ కాలం నాటిది?”

ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు చూసిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. జవాబుగా మరో రికార్డింగ్ పంపాను. నర్మద మాట ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనంలో ఉంది. ఓరుగల్లు పతనం తర్వాత తుగ్లక్ సేనలను ఎదిరించిన నాయకుడాయన. కాకతీయ రాజ్యం కూలిన కొన్నేళ్లకే ఆ శాసనం వెలువడిందని పండితుల అంచనా. రాజమహేంద్రవరం రెడ్డి రాణి అనితల్లి ఇచ్చిన కలువచేరు శాసనమేమో ప్రతాపరుద్రుడు తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్లాడంటుంది. దాని తేదీ శక సంవత్సరం 1345, అంటే 1423. ఓరుగల్లు పడిన సరిగ్గా వందేళ్లకు. ఇక ఢిల్లీ వైపు చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్, దారిలో చనిపోయాడని మాత్రం చెప్పి ఊరుకున్నాడు.

ముగ్గురు సాక్షులు. ఒకరు చోటు చెప్పారు, ఒకరు చావు తీరు చెప్పారు, మరొకరు చనిపోయాడని మాత్రమే చెప్పారు. పట్టుబడిన రాజు ఆత్మహత్య చేసుకున్నాడని కొందరు చరిత్రకారులు అన్నది కలువచేరు మాటను పట్టుకునే. ఇదంతా విని అన్నయ్య, “వందేళ్ల తర్వాత రాయించినావిడ గౌరవం కోసం అలా రాయించి ఉండొచ్చు, నిజంగానే జరిగీ ఉండొచ్చు. రెండూ పక్కన పెట్టు, ఆయన ఢిల్లీ చేరలేదన్నది ఖాయం” అన్నాడు. చరిత్ర చదువుకున్నవాళ్లు చేసేదీ ఇదే. చూపు లేకపోయినా ఆయన ఆ పని చేయగలిగాడంటే, సాక్ష్యం ఆయన చెవిదాకా వెళ్లింది కాబట్టే.

అప్పటినుంచి చదివే పద్ధతి ఒకటి ఖాయం చేసుకున్నాను. ముందు వ్యాసకర్త పేరు, పత్రిక, సంవత్సరం చెబుతాను. శాసనంలోని మాట వచ్చినప్పుడు “శాసనంలో ఇలా ఉంది” అని మొదలుపెట్టి, అయిపోగానే “ఇక్కడితో శాసనం అయింది” అంటాను. శ్లోకం ఉంటే నిదానంగా చదివి వెంటనే అర్థం చెబుతాను. అధోజ్ఞాపికల్లో గ్రంథం పేరూ పేజీ నంబరూ మాత్రమే ఉన్నవాటిని చివర్లో ఒక్కచోట చదువుతాను. వాదన ఉన్నదాన్ని మాత్రం అక్కడికక్కడే వినిపిస్తాను.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘శా.శ.’ అని అచ్చయితే శాలివాహన శకం అని పూర్తిగా పలకాలి. శక సంవత్సరానికి 78 కలిపితే మన క్యాలెండరు సంవత్సరం వస్తుంది. అయితే ఆ లెక్క చైత్రంతో మొదలవుతుంది కాబట్టి, జనవరి నుంచి మళ్లీ చైత్రం వచ్చేలోగా పడే తేదీలకు 79 కలపాలి. మా ఊరి వేయిస్తంభాల గుడిలో కాకతీయ రుద్రదేవుడి శాసనమే ఉదాహరణ. అందులో ఉన్నది శక సంవత్సరం 1084, మాఘ మాసం. 78 కలిపితే 1162 వస్తుంది. అసలు తేదీ మాత్రం 1163 జనవరి 19. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పేస్తే వినేవాళ్లు తర్వాతి తేదీలన్నీ తామే లెక్కగట్టుకుంటారు.

మన ఊళ్లలో పురాణం చెప్పే తీరు ఇలాంటిదే. ఒకరు పద్యం చదివేవారు, మరొకరు అర్థం చెప్పేవారు, జనం మధ్యలో అడిగేవారు. చదువొచ్చినవాళ్లు పత్రిక పైకి చదువుతుంటే చుట్టూ కూర్చుని దేశం సంగతులు విన్న తరాలు మనవి. చరిత్ర వ్యాసాలను కూడా ఆ వరసలో చేర్చాలని నా కోరిక.

హక్కుల భయం చాలామందికి ఉంటుంది. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి అరవై ఏళ్లు గడిచాక ఆయన రచనలను ఎవరైనా చదివి అందరికీ పంచవచ్చు. చరిత్రకారులు మల్లంపల్లి సోమశేఖర శర్మగారు 1963లో కన్నుమూశారు. కాబట్టి, ఆయన వ్యాసాలకు 2024తో ఆ అడ్డు తొలగింది. పైగా, చూపు లేనివాళ్లకు అందుబాటు రూపంలో ఇవ్వడానికి 2012 సవరణతో మన కాపీరైట్ చట్టమే దారి చూపింది.

మీ ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్లుంటే మీ జిల్లా చరిత్ర మీద వచ్చిన ఒక వ్యాసం ఎంచుకోండి. ముందు మీరు ఒకసారి మనసులో చదువుకుని, పేర్లూ తేదీలూ సరిచూసుకుని, ఆ తర్వాత వినిపించండి. మధ్యలో “ఈ మాట ఎవరన్నారు?” అని అడిగితే విసుక్కోకుండా అక్కడే ఆగి చెప్పండి. ఆ ప్రశ్న అడిగే హక్కు చదవగలిగినవాళ్లకు ఎంత ఉందో వినేవాళ్లకూ అంతే ఉంది.