డిస్కుకు వయసెంత?

సంతలో ఎద్దును కొనే రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్లు చూస్తాడు. పళ్లను బట్టి వయసు తెలుస్తుంది. మరి కర్నూలులోనో, కడపలోనో మీ నాన్నగారు ఒక పాత కంప్యూటరు కొన్నారనుకోండి. అందులోని హార్డ్ డిస్కు వయసు తెలిసేదెలా? దానికి పళ్లు లేవు కదా!

పళ్లు లేకపోయినా నోరుంది. అడిగే పద్ధతిలో అడిగితే తన సంగతి తానే చెబుతుంది.

ఎలా అడగాలి?

మనం వాడే ప్రోగ్రాము మామూలుగా డిస్కుతో నేరుగా మాట్లాడదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. అది డ్రైవర్ అనే మరో ప్రోగ్రాము ద్వారా డిస్కుకు "నీవెవరు?" అనే ఆజ్ఞ పంపుతుంది. ఏటీఏ పద్ధతిలో పనిచేసే డిస్కు 512 బైట్ల జవాబిస్తుంది. అందులో 20 అక్షరాల చోటు సీరియల్ నంబరుకు, 40 అక్షరాల చోటు మోడల్ పేరుకు.

ఇక్కడొక తమాషా ఉంది. మన కంప్యూటర్లలో ఆ అక్షరాలు జంటజంటగా తారుమారై కనిపిస్తాయి. 1234 అన్నది 2143గా వస్తుంది! ప్రోగ్రామే వాటిని సరిచేయాలి. మరి 0291 అని వస్తే అసలు సంఖ్య ఏది? చెప్పుకోండి చూద్దాం.

విండోస్‌లో వాల్యూమ్ సీరియల్ నంబరు అని ఇంకొకటి ఉంటుంది. డిస్కును ఫార్మాట్ చేస్తే అది మారిపోతుంది. అది తలుపు మీద సుద్దతో రాసిన నంబరు వంటిది. ఫ్యాక్టరీలో ఇచ్చిన నంబరు కడప నాపరాయి మీద చెక్కిన అక్షరం వంటిది.

ఆరోగ్యం సంగతి

డిస్కు తన ఆరోగ్యాన్ని కూడా లెక్క రాసుకుంటుంది. ఈ ఏర్పాటును 'స్మార్ట్' అంటారు. ఇందులో 9వ అంశం సాధారణంగా డిస్కు పనిచేసిన గంటలు. ఏడాదికి 8,760 గంటలు. కనుక 17,520 అని ఉంటే అది రెండేళ్లపాటు రాత్రింబవళ్లు పనిచేసినట్లే! 5వ అంశం, పాడైన భాగాలకు బదులుగా వాడిన భాగాల లెక్క. అది పెరుగుతుంటే ప్రమాదమన్నమాట. 194వది ఉష్ణోగ్రత. చాలా డిస్కులకు హద్దు 60 డిగ్రీలు. మే నెలలో మన గదే 40 డిగ్రీలకు చేరితే, ఆ హద్దు ఎంతో దూరం లేదు.

అయితే డిస్కు మాటనే పూర్తిగా నమ్మరాదు. 2007లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన పరిశీలనలో, చెడిపోయిన డిస్కులలో సగానికి పైగా నాలుగు ముఖ్యమైన హెచ్చరికలలో ఒక్కటీ ఇవ్వలేదు. అందుచేత తాతగారి ఫోటోలు, పొలం కాగితాల నకళ్లు రెండో చోట కూడా దాచండి.

ఈసారి కంప్యూటర్ గదికి వెళ్లినప్పుడు మీ మాస్టారితో కలిసి అక్కడి డిస్కును అడగండి. అది ఎన్ని గంటలు పనిచేసిందో తెలుసుకుని, ఎన్ని రోజులో మీరే లెక్క కట్టండి.

(జవాబు: 2019)